పట్టిక చోటు వాక్యం పక్కనే

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పాఠకుల ఉత్తరాల్లో ఓ విద్యార్థిని రాసిన నాలుగు వాక్యాలు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. తను చదివే పుస్తకంలో “కింది పట్టికను పరిశీలించండి” అని ఉందట. కింద చూస్తే పట్టిక లేదట. పేజీ తిప్పితే అటువైపు సగం కనిపించిందట. మిగతా సగం ఆ తర్వాతి పేజీలో ఉంది కానీ, ఏ నిలువు వరుస దేనికి సంబంధించిందో చెప్పే శీర్షికలు అక్కడ లేవట. “కంప్యూటర్‌లో అలా వచ్చేసి ఉంటుంది” అని చివరికి ఆ అమ్మాయే సర్దిచెప్పుకుంది. నాకు బాధ కలిగించింది ఆ ఆఖరి మాటే.

నేను పుస్తకాలకు పేజీ మేకప్ చేస్తాను, అంటే మాటలను, బొమ్మలను, పట్టికలను పేజీల్లో కూర్చుతాను. పేజీమేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్ రోజుల నుంచీ ఇదే నా పని, ఇదే నా ఇష్టం. అందుకే చెబుతున్నాను, కంప్యూటర్‌లో ఏదీ దానంతట అది అలా రాదు. పట్టిక ఎక్కడుండాలో మనం చెబితే సాఫ్ట్‌వేర్ అక్కడే ఉంచుతుంది. చెప్పకుండా వదిలేస్తే ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ మిగిలిపోతుంది. ఆ పుస్తకం తయారైన దారిలో రాసినవారు, సరిచూసినవారు, పేజీ పెట్టినవారు, ప్రూఫ్ చూసినవారు ఉన్నారు. పట్టిక స్థానం తన బాధ్యత అని వీళ్లలో ఒక్కరు అనుకున్నా ఆ అమ్మాయికి ఆ ఇబ్బంది వచ్చేది కాదు. పట్టిక ఎక్కడుండాలన్నది అలంకారానికి సంబంధించిన విషయం కాదు, అర్థానికి సంబంధించిన విషయం. దాన్ని ప్రస్తావించిన వాక్యం ఎక్కడికి వెళితే పట్టిక కూడా అక్కడికి వెళ్లాలి. ఇంత ఉత్తరమూ ఈ ఒక్క మాట కోసమే రాస్తున్నాను.

బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. పేజీలో పట్టికను రెండు రకాలుగా పెట్టొచ్చు. మొదటిది, దాన్ని విడిగా ఒక పెట్టెలో ఉంచి, ఆ పెట్టెను పేజీ మీద ఫలానా చోట అని నిలపడం. పై అంచు నుంచి ఇంత, ఎడమ అంచు నుంచి ఇంత అన్న కొలతే దాని చిరునామా. రెండోది, పట్టికను మాటల ప్రవాహంలోనే కూర్చోబెట్టడం. అప్పుడు పై పేరాలో రెండు లైన్లు పెరిగితే పట్టిక రెండు లైన్లు దిగుతుంది, ఒక వాక్యం కొట్టేస్తే అంత పైకి జరుగుతుంది. మొదటి పద్ధతిలో పెట్టిన పట్టిక గోడకు మేకు కొట్టి తగిలించిన పటం లాంటిది. ఇంట్లోవాళ్లు మరో ఇంటికి మారినా అది ఆ గోడకే వేలాడుతుంది. పుస్తకం ప్రెస్సుకు వెళ్లేలోగా ఎన్ని దిద్దుబాట్లు వస్తాయో ఈ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మూడో అధ్యాయం మొదట్లో ఒక పేరా చేరిందంటే దాని తర్వాతి మాటలన్నీ కిందికి జరుగుతాయి. విడి పెట్టెల్లో ఉన్న పట్టికలు మాత్రం కదలవు. ఆ విద్యార్థిని పుస్తకంలో జరిగింది ఇదేనని నా నమ్మకం.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నేను కళ్లారా చూశాను. పేజీమేకర్‌ను 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చింది, 1994లో ఆ సంస్థ అడోబీలో కలిసింది. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని, నేర్చుకున్న ఒక తరమంతా పేజీమేకర్ మీదే నేర్చుకుంది. కానీ పట్టికలు చేసే పనిముట్టు దాని లోపల ఉండేది కాదు. అడోబీ టేబుల్ అనే వేరే ప్రోగ్రామ్‌లో పట్టిక చేసి, దాన్ని బొమ్మలాగా తెచ్చి పేజీలో పెట్టుకునేవాళ్లం. లేదంటే ట్యాబ్‌లు కొట్టి అంకెలు సర్ది, అడ్డగీతలు, నిలువు గీతలు ఒక్కొక్కటీ చేత్తో గీసేవాళ్లం. మాటలు జరిగితే గీతలు అక్కడే ఉండిపోయేవి. వాటన్నిటినీ ఎంచుకుని, గ్రూప్ చేసి, జరపడం ఒక పూట పని. అప్పుడు వేరే దారి లేదు. 2002లో అడోబీవాళ్ల కొత్త పేజీ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ 2.0తో పట్టికలు మాటల లోపలికి వచ్చాయి. అదే ఏడాది దాని పోటీ సాఫ్ట్‌వేర్ క్వార్క్ ఎక్స్‌ప్రెస్ 5లోనూ టేబుల్ టూల్ వచ్చింది, అయితే అక్కడ పట్టిక విడి వస్తువుగానే ఉండేది. పనిముట్టు మారింది కానీ చేతి అలవాటు మాత్రం చాలామందిలో మారలేదు. ఇన్‌డిజైన్ తెరిచి కూడా ముందు ఖాళీ ఫ్రేమ్, అంటే పెట్టె, గీసి, అందులో పట్టిక పెట్టి, పేజీలో ఖాళీ ఉన్నచోట వదిలేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను.

ఇన్‌డిజైన్ లెక్కలో పట్టిక ఒక అక్షరమే, కాకపోతే చాలా పెద్ద అక్షరం. కర్సర్ ఎక్కడుంటే అక్కడ కూర్చుంటుంది. దాన్ని మధ్యకు తేవాలంటే మౌస్‌తో లాగకూడదు, లాగినా రాదు. పట్టిక ఉన్న పేరాకు సెంటర్ అలైన్‌మెంట్ ఇస్తే అదే మధ్యకు వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే విసుగెత్తి, పట్టికను కత్తిరించి విడి ఫ్రేమ్‌లో పడేస్తారు. పైన, కింద ఖాళీ ఇవ్వడానికి ఎంటర్ కీ కొట్టడం ఇంకో అలవాటు. టేబుల్ ఆప్షన్స్‌లో పట్టిక ముందు ఎంత, తర్వాత ఎంత ఖాళీ ఉండాలో చెప్పే గళ్లున్నాయి. మామూలుగా అచ్చు కొలతలో ముందు 4 పాయింట్లు, తర్వాత మైనస్ 4 పాయింట్లు ఉంటుంది. ఆ మైనస్ సంగతి తెలియకే పట్టిక కింది గీత తర్వాతి లైను నెత్తిన ఆనినట్టు కనిపిస్తుంటుంది. దాన్ని మార్చి, టేబుల్ స్టైల్‌లో ఒక్కసారి దాచుకుంటే పుస్తకమంతా ఒకే తీరుగా ఉంటుంది. పట్టిక ఫ్రేమ్ పై అంచుకే వచ్చినప్పుడు ముందు ఇచ్చిన ఖాళీ పనిచేయదు. అలాగే ఉండాలి కూడా, లేకపోతే పక్క పేజీ మొదటి లైనుతో పొత్తు కుదరదు.

విడి ఫ్రేమే తప్పు అని నేను అనడం లేదు. పత్రిక పేజీలో, పోస్టరులో, ఒకే పేజీ కరపత్రంలో అదే సుఖం. అక్కడ మాటలు పేజీలు దాటి పారవు. పట్టిక చుట్టూ మాటలు ఒదిగి నడవాలన్నా విడి ఫ్రేమే కావాలి, ఎందుకంటే టెక్స్ట్ ర్యాప్ ఫ్రేమ్‌కే వర్తిస్తుంది. పుస్తకంలో అలాంటి అవసరం వచ్చినా మార్గం ఉంది. ఆ ఫ్రేమ్‌ను కట్ చేసి, పట్టికను ప్రస్తావించిన వాక్యం చివర కర్సర్ పెట్టి పేస్ట్ చేస్తే అది ఆ వాక్యానికి లంగరు పడుతుంది. యాంకర్డ్ ఆబ్జెక్ట్ అంటారు. తర్వాత దాన్ని లైన్లోనే ఉంచాలా, లైనుకు పైన ఉంచాలా, మార్జిన్‌లోకి పంపాలా అన్నది మనిష్టం. వాక్యం ఏ పేజీకి వెళ్లినా ఫ్రేమ్ వెంట వెళ్తుంది. చేయడానికి ఎంతోసేపు పట్టదు.

ఇది ఎందుకింత పట్టింపుగా చెబుతున్నానో నా పనిలో చూసిన ఒక పట్టిక గురించి చెబితే అర్థమవుతుంది. ఆరోగ్య కార్యకర్తల కోసం తయారైన ఒక చేతిపుస్తకం పునర్ముద్రణ పని నా దగ్గరికి వచ్చింది. పాత ఫైలు ఇంకెవరో చేసింది. పిల్లల బరువును బట్టి మందు ఎంత ఇవ్వాలో చెప్పే పట్టిక అందులో ఉంది. మొదటి నిలువు వరుసలో బరువు, రెండో దాంట్లో మందు మిల్లీగ్రాముల్లో, మూడో దాంట్లో సిరప్ మిల్లీలీటర్లలో, నాలుగో దాంట్లో రోజుకు ఎన్నిసార్లు. పట్టిక పేజీ అడుగున మొదలై రెండో పేజీలోకి పోయింది. శీర్షికల వరుసను మామూలు వరుసగానే టైప్ చేశారు కాబట్టి అది మొదటి పేజీలోనే ఉండిపోయింది. రెండో పేజీలో అంకెలు తప్ప ఏమీ లేవు. పారాసిటమాల్ సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉండే రకం ఉంది, 250 మిల్లీగ్రాములు ఉండే రకమూ ఉంది. ఏ రకం సిరప్‌కు ఈ లెక్క వేశారో చెప్పే మాట కూడా ఆ శీర్షికలోనే ఉంది. అంటే రెండో పేజీ మాత్రమే తెరిచి చూసేవారికి ఆ అంకె మందుదో, సిరప్‌దో, ఏ సిరప్‌దో తెలిసే దారి లేదు. చేతిపుస్తకాన్ని ఎవరూ మొదటి నుంచి చివరిదాకా చదవరు, కావలసిన పేజీ తెరిచి కావలసిన అంకె చూసుకుంటారు. ఆ అంకెను బట్టి చెంచాలో మందు పోస్తారు. ఆ పేజీ చూసిన రోజున నాకు చాలాసేపు మరో పని మీద మనసు పోలేదు.

దిద్దడానికి ఎంత పని పట్టిందని అడుగుతారేమో. మొదటి వరుసను ఎంచుకుని, టేబుల్ మెనూలో కన్వర్ట్ రోస్ కింద ‘టు హెడర్’ నొక్కడమే. అప్పటి నుంచి ఆ వరుస తలవరుస అవుతుంది, పట్టిక ఎన్ని పేజీలు సాగినా ప్రతిచోటా పైన తనే వస్తుంది. ప్రతి కాలమ్‌కూ రావాలా, ఫ్రేమ్‌కు ఒకసారా, పేజీకి ఒకసారా అన్నది కూడా మనమే ఎంచుకోవచ్చు. రెండు కాలమ్‌ల పేజీలో పేజీకి ఒకసారి అని పెడితే రెండో కాలమ్ మళ్లీ బోడిగా మిగులుతుంది, అది చూసుకోవాలి. ఫ్రేమ్‌మేకర్ అనే మరో పేజీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. రెండో పేజీ నుంచి పట్టిక పేరు పక్కన ‘కొనసాగింపు’ అని దానంతట అదే వచ్చేలా, ఇన్ని భాగాల్లో ఇది ఎన్నోదో చెప్పేలా పెట్టుకోవచ్చు. మిగతా సాఫ్ట్‌వేర్‌లలోనూ ఈ మాట చేత్తోనైనా చేర్చాలని నా అభిప్రాయం.

పట్టిక విరిగే చోటు కూడా మన చేతుల్లోనే ఉండాలి. ఇన్‌డిజైన్‌లో ఒక వరుసను మధ్యకు చీల్చి సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో పెట్టడం కుదరదు. వరుస మొత్తం తర్వాతి ఫ్రేమ్‌కు పోతుంది. ఒక గడిలో పది పన్నెండు లైన్ల వివరణ కుక్కితే ఆ వరుస పేజీలో పట్టక కిందికి దూకి, పైన పెద్ద ఖాళీ వదులుతుంది. వరుస పేజీ ఎత్తునే మించితే అది, దాని తర్వాతివన్నీ కనిపించకుండా పోతాయి. ఫ్రేమ్ మూలన ఎర్ర ప్లస్ గుర్తు మాత్రం మిగులుతుంది. దీనికి మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు. రాసినవారిని అడిగి ఆ గడిని రెండు వరుసలుగా విడగొట్టించాలి. అలాగే విడిపోకూడని వరుసలు ఉంటాయి. “మొత్తం” అన్న వరుస ఒంటరిగా తర్వాతి పేజీకి పోకూడదు. దాని పై వరుసకు ‘కీప్ విత్ నెక్స్ట్ రో’ అని గుర్తు పెడితే ఆ పై వరుస కూడా దాని వెంట వెళ్తుంది. ఏ వరుస దేనితో కలిసి ఉండాలో విషయం తెలిసిన ఎడిటర్ చెబితే బాగుంటుంది. పేజీ పెట్టేవాళ్లం ప్రతిసారీ ఊహించలేం.

ఇక మన లిపి సంగతి. ఈ సాఫ్ట్‌వేర్‌ల మామూలు అమరికలు ఇంగ్లిష్ అక్షరాల ఎత్తును మనసులో పెట్టుకుని చేసినవి. తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వం ఉంటాయి, కింద ఒత్తులు వేలాడతాయి. ‘స్వాతంత్ర్యం’ అన్న మాటలో త కింద రెండు ఒత్తులు దిగుతాయి. ‘రాష్ట్రం’లోనూ అంతే. పట్టికలో వరుస ఎత్తును ‘ఎగ్జాక్ట్‌లీ’ అని బిగించి, లైనుకు లైనుకు మధ్య దూరం తగ్గించి పెడితే ఈ ఒత్తులు కింది గీతను దాటి తర్వాతి గడిలోకి చొరబడతాయి. చదివేవారికి ఆ ఒత్తు ఏ మాటదో తెలియదు. ఎత్తును ‘ఎట్ లీస్ట్’ అని వదిలితే గడి అవసరమైనంత పెరుగుతుంది. గడిలో మొదటి లైను ఎక్కడ మొదలవ్వాలో చెప్పే ‘ఫస్ట్ బేస్‌లైన్’ను క్యాప్ హైట్ మీద పెట్టకూడదు. అది ఇంగ్లిష్ పెద్దక్షరం ఎత్తు, మన గుడి దానికన్నా పైకి పోయి గీతకు తగులుతుంది. నేను లీడింగ్, అంటే లైన్ల మధ్య దూరం, మీద గానీ, ఫిక్స్‌డ్ మీద గానీ పెడతాను. కింది వైపు గడి లోపలి ఖాళీని పైదానికన్నా కాస్త ఎక్కువ ఉంచుతాను, ఒత్తుల కోసం. ఎక్సెల్ నుంచి తెచ్చిన పట్టికల్లో మరో చిక్కు. గడుల్లో మన పేరా స్టైల్ వేయకపోతే అక్షరాలను లైన్లుగా కూర్చే మామూలు కంపోజరే ఉండిపోవచ్చు, అప్పుడు ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. యూనికోడ్ తెలుగుకు వరల్డ్ రెడీ కంపోజర్ తప్పనిసరి. గడుల్లో అక్షరాలు చిన్నవి కాబట్టి ఈ తప్పు ప్రూఫ్‌లో తొందరగా కంటపడదు.

గడిలో మాట పట్టకపోతే ఇన్‌డిజైన్ ఆ గడి మూలన చిన్న ఎర్ర చుక్క పెడుతుంది. ఆ చుక్క తెర మీదే కనిపిస్తుంది, ప్రింటులో రాదు. పట్టని మాట మాత్రం ప్రింటులో ఉండదు. ధరలు, మోతాదులు, తేదీలు ఉండే పట్టికలో ఒక్క గడి ఇలా ఖాళీ పడితే, అక్కడ ఏమీ లేదని పాఠకుడు అనుకుంటాడు. ఫైలు బయటికి పంపేముందు తెర కింది అంచున, ఫైల్లో తప్పులున్నాయో లేదో చెప్పే ప్రీఫ్లైట్ చుక్క పచ్చగా ఉందో ఎర్రగా ఉందో చూడటం పేజీ పెట్టే ప్రతి ఒక్కరూ చేయాల్సిన పని. టైమ్ లేదన్న టెన్షన్‌లో ముందు వదిలేసేది కూడా దాన్నే.

వెడల్పు పట్టని పట్టికల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అందరూ కోపం చూపించేది వాటి మీదే. పట్టిక ఫ్రేమ్ కన్నా వెడల్పైతే కుడివైపు బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని లోపలికి తోయడానికి అక్షరాల అడ్డు కొలతను 80 శాతానికో, 70 శాతానికో నొక్కేస్తారు. మన గుండ్రటి అక్షరాలు అలా నొక్కితే సన్నగా సాగిపోయి, ప, ష లాంటి జంటల మధ్య తేడా పోల్చుకోవడం కష్టమవుతుంది. నా దారి వేరు. ముందు నిలువు గీతలు తీసేస్తాను. వరుసల మధ్య సన్నటి అడ్డగీత, తలవరుస కింద కాస్త లావు గీత ఉంటే చాలు, కన్ను తప్పదు. అంకెలను కుడికి జరిపి, దశాంశ బిందువులు ఒకదాని కింద ఒకటి వచ్చేలా పెడితే అవే నిలువు గీతల పని చేస్తాయి. ప్రతి గడిలో ‘రూపాయలు’, ‘కిలోలు’ అని రాసి ఉంటే వాటిని శీర్షికలోకి ఎక్కించమని రాసినవారిని అడుగుతాను. చాలాసార్లు దీంతోనే పట్టిక సరిపోతుంది. అప్పటికీ పట్టకపోతే నిలువు వరుసలను అడ్డంగా, అడ్డు వరుసలను నిలువుగా మార్చి చూస్తాను. బయటి గీత విషయంలోనూ ఒక జాగ్రత్త కావాలి. గీత గడి అంచుకు అటు సగం, ఇటు సగం పడుతుంది కాబట్టి ఫ్రేమ్‌కు సరిగ్గా సరిపోయే పట్టిక గీత మందంలో సగం మేర బయటికి వస్తుంది. సన్న గీత అయితే ఎవరికీ కనిపించదు. 2 పాయింట్ల గీత అయితే కాలమ్ అంచు పక్కన స్పష్టంగా తెలుస్తుంది.

ఏ దారీ లేక పట్టికను అడ్డంగా తిప్పాల్సి వస్తే, పట్టిక పై అంచు పేజీ ఎడమవైపుకు ఉండాలి. ఎడమ పేజీ అయినా, కుడి పేజీ అయినా ఇదే నియమం. అప్పుడు చదివేవారు పుస్తకాన్ని ఎప్పుడూ ఒకే వైపుకు, గడియారం ముళ్లు తిరిగే దిశలో తిప్పితే సరిపోతుంది. అలా తిప్పినప్పుడు ఎడమ పేజీ పైన, కుడి పేజీ కింద వస్తాయి కాబట్టి రెండు పేజీల పట్టిక కూడా వరుసగా సాగిపోతుంది. ఒక పేజీలో ఇటు, ఇంకో పేజీలో అటు తిప్పిన పుస్తకాలు నా బీరువాలోనే ఉన్నాయి. చదవడానికి పడే శ్రమ చూస్తే పాపం అనిపిస్తుంది.

వాక్యం పక్కనే పట్టిక అన్నాను. పెద్ద పట్టిక విషయంలో ఇది అక్షరాలా కుదరదని నాకు తెలుసు. ముప్పావు పేజీ పట్టిక పేజీ మధ్యలో చెప్పిన చోటే కావాలంటే కింద సగం పేజీ ఖాళీ పడుతుంది. సైన్స్ వ్యాసాలకు వాడే లాటెక్‌లో దీనికి ఒక మంచి పద్ధతి ఉంది. పట్టిక కుదిరితే ఇక్కడే, లేదా పేజీ పైన, లేదా పేజీ కింద, అదీ కాకపోతే విడి పేజీలో అని రాసినవారే అనుమతి ఇస్తారు. సాఫ్ట్‌వేర్ ఆ హద్దుల్లోనే చోటు వెతుకుతుంది. పట్టిక కాస్త ముందుకు వెనక్కు జరగొచ్చని ముందే తెలుసు కాబట్టి అక్కడ ఎవరూ “కింది పట్టిక” అని రాయరు, “పట్టిక 4.2” అని రాస్తారు. మన పుస్తకాల్లోనూ ఇదే రావాలి. “కింది”, “పై”, “పక్క” అన్న మాటలు రాతప్రతిలో నిజం, అచ్చులో అబద్ధం కావచ్చు. నంబరు ఎప్పుడూ నిజమే. ఆ నంబరును కూడా చేత్తో టైప్ చేయకుండా అసలు పట్టిక నంబరుకు ముడిపడిన క్రాస్ రిఫరెన్స్‌గా పెడితే, మధ్యలో కొత్త పట్టిక చేరినా అప్‌డేట్ చేయగానే మిగతా నంబర్లు సరైపోతాయి.

రాసేవారు పంపే వర్డ్ ఫైళ్ల గురించి కూడా ఒక మాట. వర్డ్‌లో పట్టిక మూలన ఉండే చిన్న గుర్తును పట్టుకుని లాగితే, ఆ పట్టిక చుట్టూ మాటలు తిరిగే రకంగా మారిపోతుంది. అలా మారిన పట్టికకు తలవరుస ప్రతి పేజీలో రావడం కూడా ఆగిపోతుంది. పట్టిక మధ్యలో చేత్తో పేజీ బ్రేక్ పెట్టినా తలవరుస రాదు. అందువల్ల లాగకండి, బ్రేక్‌లు పెట్టకండి. పట్టికను వాక్యం కింద మామూలుగా వదిలి, టేబుల్ ప్రాపర్టీస్‌లో ర్యాపింగ్ ‘నన్’ అని ఉంచి పంపండి, మిగతాది మేం చూసుకుంటాం. పట్టికను ఫోన్‌తో ఫొటో తీసి పంపేవాళ్లూ ఉన్నారు. దాన్ని అలాగే బొమ్మగా అచ్చు వేస్తే అక్షరాలు మసకబారడం ఒక నష్టం. అంతకన్నా పెద్ద నష్టం చూపు లేనివారికి. ఆ పుస్తకం పీడీఎఫ్‌గా వెళ్లినప్పుడు తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అక్కడ చదవడానికి ఏమీ ఉండదు. అందరూ చదవగలిగే పీడీఎఫ్ ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, పీడీఎఫ్/యూఏ, 2012 నుంచీ ఉంది. పట్టికలో శీర్షిక గడి ఏది, మామూలు గడి ఏది అన్నది గుర్తించి ఉండాలని అది కోరుతుంది. మనం తలవరుసను తలవరుసగా గుర్తిస్తే ఆ గుర్తు పీడీఎఫ్‌లోకి కూడా వెళ్తుంది. చూపున్నవారి కోసం చేసిన పని చూపు లేనివారికీ ఉపయోగపడుతుంది.

డీటీపీ నేర్పే గురువులకు నా విన్నపం ఇది. బొమ్మలు పెట్టడం, రంగులు వేయడం నేర్పడానికి ఇచ్చే సమయంలో కొంత పట్టికలకు ఇవ్వండి. ఒకే పేజీలో ఇమిడే చక్కటి పట్టికతో నేర్పితే లాభం లేదు. మూడు పేజీలు సాగేది, గడుల్లో తెలుగు మాటలు నిండుగా ఉన్నది ఇచ్చి, అది పేజీలో కూర్చున్నాక పైన నాలుగు పేరాలు కొత్తగా చేర్చమని చెప్పండి. పట్టిక ఏమైందో విద్యార్థి అప్పుడు తన కళ్లతో చూస్తాడు. ప్రచురణకర్తలు కూడా పేజీకి ఇంత అని లెక్క కట్టి, పట్టికలున్న పేజీకి, లేని పేజీకి ఒకే కూలి ఇవ్వడం మానాలి. రెండింటికీ పట్టే సమయం ఒకటి కాదు. కూలి ఒకటే అయినప్పుడు పట్టికను బొమ్మగా అతికించేసే తొందర పుడుతుంది.

మీ పత్రికకు కూడా ఒక కోరిక. మీ చదువుల పేజీలో పరీక్షల తేదీలు, సిలబస్, మార్కుల పట్టికలు వస్తుంటాయి. కొన్నిసార్లు పట్టిక ఒక కాలమ్ అడుగున మొదలై పక్క కాలమ్ పైన కొనసాగుతుంది, అక్కడ శీర్షికలు ఉండవు. ఆ పట్టికలను కత్తిరించి గోడకు అంటించుకునే పిల్లలు ఉన్నారు. రెండో కాలమ్ పైన కూడా తలవరుస వేయించండి, చోటుకు ఒక్క లైను ఖర్చు.

చివరగా ప్రూఫ్ చూసే మిత్రులకు. దిద్దుబాట్లన్నీ అయ్యాక తీసిన ఆఖరి ప్రూఫ్‌లో అక్షరాల సంగతి పక్కన పెట్టి, పట్టికలను మాత్రమే ఒకసారి చూడండి. పుస్తకంలోని పట్టికల నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కో నంబరు ఎదురుగా దాన్ని ప్రస్తావించిన వాక్యం ఏ పేజీలో ఉందో, పట్టిక ఏ పేజీలో ఉందో వేయండి. రెండింటికీ మధ్య పేజీ తిప్పాల్సిన అవసరం ఉన్నచోట సున్నా చుట్టి మాకు పంపండి. అచ్చుకు ప్లేట్లు తీయకముందు పంపితే జరపడం మాకు ఇబ్బంది కాదు.

ఇట్లు,
పేజీ మేకప్ పనిలో ఉన్న ఒక పాఠకురాలు